జపాను మిశ్రమ మాల్టు విస్కీ: గుణపరీక్ష

సేవించేవాడు వేరు, పరీక్షించేవాడు వేరు. విస్కీ గుణం నిర్ణయించే నిపుణుడు ఒక్కరోజులో ఎన్నో నమూనాలు చూస్తాడు. కాని నోట పోసికొన్నది ఉమ్మివేస్తాడు. అతని ముఖ్య సాధనం నాలుక కాదు, ముక్కు. మత్తు చేరినచోట వివేచన నిలువదు గదా! నేను ఈ ప్రసంగంలో పానాన్ని గూర్చి గాక, ఆ వివేచనను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఉదాహరణకు జపాను దేశపు మిశ్రమ మాల్టు విస్కీని తీసికొందాము.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీకి మాల్టు అని పేరు. దానిని పులియబెట్టి, రాగి బట్టీలలో కాచి, కొయ్యపీపాలలో ఏళ్లతరబడి నిలువచేస్తే మాల్టు విస్కీ అవుతుంది. ఒకటికి మించిన బట్టీశాలల మాల్టు విస్కీలను కలిపితే అది మిశ్రమ మాల్టు. మొక్కజొన్న మొదలైన ధాన్యాల విస్కీ ఇందులో చేరదు.

జపానులో ఈ విద్యకు ఆద్యులలో ఒకడు మసతాక తాకేత్సురు. సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే కుటుంబంలో 1894లో జన్మించి, 1918లో స్కాట్లండు వెళ్లి విస్కీ పని నేర్చుకొన్నాడు. 1934లో ఉత్తరాన హొక్కాయిదో దీవిలోని యోయిచి వద్ద బట్టీశాలకు పునాది వేశాడు. 1969లో ఆయన సంస్థకే సెండాయి సమీపాన మియాగిక్యో అనే రెండవ శాల ఏర్పడినది. బొగ్గుమంటపై కాచే యోయిచి సరకు గంభీరమైనది, పొగవాసన గలది. ఆవిరితో కాచే మియాగిక్యో సరకు మృదువైనది, పండ్ల పరిమళం గలది. తాకేత్సురు పేరిట వెలువడే మిశ్రమ మాల్టుకు ఈ రెండే ఆధారం.

ఇక పరీక్ష. మొగ్గవలె అంచు ముడుచుకొన్న గ్లాసులో కొద్దిగా పోసి, ముందు దూరంనుండి, పిమ్మట దగ్గరగా వాసన చూడాలి. నోరు కొంచెం తెరచి ఉంచితే ఘాటు అంతగా బాధించదు. తరువాత నీరు చేర్చాలి. అంతవరకు దాగిన గుణదోషాలు అప్పుడు బయటపడతాయి. పండ్లవాసన చాలవరకు పులియబెట్టడంలో పుట్టినది. వనిల్లా వాసన ఓక్ పీపా ఇచ్చినది. మిజునారా అనే జపాను ఓక్ పీపాలో చిరకాలం ఉంటే చందనపు ఛాయ వస్తుంది. గంధకపు వాసన, బూజువాసన దోషాలు.

మిశ్రమానికి అసలు పరీక్ష పొందికలో ఉన్నది. పులిహోరలో ఇంగువ ఉన్నదని తెలియాలి గాని, ఇంగువే పులిహోర కారాదు. అట్లే పొగ, పండు రెండూ గోచరించాలి. ఒకటి రెండవదానిని మింగరాదు. చివరికి రుచి ఎంతసేపు నిలిచి, ఎట్లా సన్నగిలుతుందో గమనించాలి. చేదుగా తెగిపోతే కూర్పు కుదరలేదన్నమాట.

కంటిని నమ్మరాదు, రంగుకై మాడ్చిన చక్కెర చేర్చడానికి అనుమతి కలదు. సీసాపై వయస్సు కలిపినవాటిలో అతి చిన్నదానిది. ఏళ్లు మితిమీరితే కొయ్యరుచి మిగిలినవాటిని అణచివేయవచ్చును. పేరునూ నమ్మరాదు. విదేశపు విస్కీని తెచ్చి జపాను విస్కీ అని అమ్మడానికి చాలాకాలం అడ్డు లేకపోయింది. అక్కడి ఉత్పత్తిదారుల సంఘం 2021లో నియమావళి ఏర్పరచి, 2024 ఏప్రిల్ నుండి పూర్తిగా అమలులో పెట్టినది. నీరు జపానుదే కావాలి. పులియబెట్టడం, కాచడం, పీపాలలో కనీసం 3 సంవత్సరాల నిలువ, సీసాలకెత్తడం అక్కడే జరగాలి. ఇది సంఘసభ్యుల కట్టుబాటే గాని శాసనం కాదు. పైగా అది పుట్టుకకు హామీ, రుచికి కాదు.

అందుచేతనే గ్లాసులకు పేర్లు లేకుండా అంకెలు మాత్రమే వేసి పరీక్షించడం న్యాయమైన పద్ధతి. ధర తెలిసిన నాలుక ధరనే రుచి చూస్తుంది. నెయ్యి కానీండి, తేనె కానీండి, కాఫీగింజలు కానీండి, పేరు మూసి గుణం చూడగలిగిననాడే మన తీర్పు మనదవుతుంది.