పాత కారునకు ఏ అతుకు మేలు?

వానకాలము వెళ్ళిన పిమ్మట పాత అంబాసిడరు కారులో కాళ్ళక్రింది చాప తొలగించి చూచినచో, పైకి నల్లరంగు చక్కగానే కనిపించును. స్క్రూడ్రైవరు మొనతో కొంచెము ఒత్తినచో, అది రేకును చీల్చుకొని క్రిందికి దిగును. చాపక్రింద నిలిచిన తడి లోలోపల రేకును తినివేసినదన్నమాట. ఉత్తరపారలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. కాబట్టి తుప్పు తిన్నంతమేర కత్తిరించి, అంతే మందముగల కొత్త రేకును అతికించుటయే సామాన్యముగా మిగులు దారి. ఆ అతుకు గ్యాసుతో వేయింపవలెనా, మిగ్ యంత్రముతో వేయింపవలెనా అను ప్రశ్న టింకరింగు షెడ్డులో కాలుపెట్టిన ప్రతి యజమానికిని ఎదురగును.

మొదట రెండింటి తీరును తెలిసికొందము. అసిటిలీను వాయువును ఆక్సిజనుతో కలిపి మండించినచో, అంతవరకు ఎరిగిన మంటలన్నింటికంటె వేడియైన మంట పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే 1895లో గుర్తించెను. ఆ వేడి సుమారు 3,100 సెంటిగ్రేడు డిగ్రీలు. ఉక్కు 1,500 డిగ్రీల ప్రాంతముననే కరగును. పనివాడు ఒక చేత మంటను, రెండవ చేత సన్నని కడ్డీని పట్టుకొని, రేకుల అంచులను కరగించి కలుపును. కరగిన లోహము కంటికి కనబడుచుండును. మంటను దగ్గరకు తెచ్చుటయు, దూరము చేయుటయు అతని చేతిలోనే యుండును.

మిగ్ పద్ధతి 1948లో అమెరికాలోని బాటెల్ పరిశోధనాలయమున, ముఖ్యముగా అల్యూమినియము కొరకు, రూపొందినది. మీట నొక్కగానే చుట్టనుండి తీగ తనంత తాను ముందుకు వచ్చును. తీగకును రేకునకును నడుమ విద్యుత్తు జ్వాల పుట్టి, తీగయే కరగి అతుకగును. చుట్టును ఒక వాయువు ఆవరించి, కరగిన లోహమునకు గాలి సోకనీయదు. ఉక్కు పనికి సాధారణముగా ఆర్గాను, బొగ్గుపులుసు వాయువు కలిసిన మిశ్రమమును వాడుదురు. అట్టి దానికి శాస్త్రరీత్యా మాగ్ అని పేరు. షెడ్డులలో మాత్రము మిగ్ అనియే వ్యవహారము.

ఇక అసలు భేదము వేడిలో ఉన్నది. పాత కార్ల రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందము. గ్యాసు మంట మెల్లగా సాగును గనుక, అతుకు చుట్టును చాలామేర రేకు కాగును. కాగిన రేకు సాగబోవును, చుట్టునున్న చల్లని రేకు దానిని సాగనీయదు. చల్లారునప్పుడు అది ముడుచుకొని, రేకు అలలు అలలుగా లేచును. మిగ్ వేడి తక్కువ మేర వ్యాపించును గనుక ఈ బాధ తగ్గును. అంతమాత్రమున మిగ్‌తో రేకు వంకరపోదనుట సగము సత్యమే.

ఆ మిగతా సగమును మేము నష్టపడి నేర్చుకొంటిమి. మా పాత కారు తలుపునకు అడుగున జానెడు వెడల్పున తుప్పు పట్టినది. మిగ్ యంత్రము చేతిలో ఉన్నదను ధీమాతో, ఈ చివరనుండి ఆ చివరవరకు ఒక్క బిగిని అతుకు వేసితిమి. తలుపు చల్లారుసరికి అప్పడమువలె ఉబ్బినది. సుత్తితో సరిచేయబోయితిమి; అతుకు గట్టిపడి లొంగలేదు. గ్రైండరుతో అరగదీయగా ప్రక్కనున్న రేకు పలుచబడినది. చివరకు పుట్టీ దట్టముగా పూసి, రంగు వేసితిమి. రెండు వానకాలములు గడచుసరికి పుట్టీ పగిలి పెచ్చులు రాలినవి. తప్పు యంత్రముది కాదు, మా తొందరది. అంగుళమునకొక చుక్క చొప్పున అతుకు వేసి, ఒకచోట చల్లారులోపల వేరొకచోటికి పోవుచు, మెల్లగా ఖాళీలు పూడ్చవలసియుండెను.

గ్యాసు అతుకు గుణము వేరు. అది మెత్తనిది. వెనుక ఇనుపదిమ్మ ఆనించి ముందునుండి సుత్తితో కొట్టినచో, ముడుచుకొన్న లోహము తిరిగి సాగి, రేకు యథాస్థితికి వచ్చును. నేర్పుగల పనివాడు సరిచేసిన మడ్‌గార్డుమీద చేయి నిమిరినచో అతుకెక్కడనో తెలియదు. పుట్టీ అవసరము బహుస్వల్పము. కనుక బయటికి కనబడు వంపు రేకులకు, వెనుకనుండి సుత్తి అందు చోట, గ్యాసునకే మా ఓటు. కాని ఆ నేర్పు నెలలలో వచ్చునది కాదు. అట్టి చేయి దొరకనప్పుడు, చుక్కచుక్కగా ఓపికతో వేసిన మిగ్ అతుకే మేలు.

కారు అడుగుభాగము సంగతి వేరు. అంబాసిడరునకు విడిగా చట్రము లేదు. అడుగు రేకును, తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగు డొల్ల దూలములును కలిసి బరువును మోయును. అక్కడి అతుకు అందమునకు కాదు, ప్రాణమునకు. ఆ చోట మిగ్ మేలు. ఫ్యాక్టరీలో చుక్కలుగా అతికినచోట, పైరేకునకు ఏడెనిమిది మిల్లీమీటర్ల రంధ్రములు చేసి, వాటిని మిగ్‌తో నింపినచో ఆ బిగువే వచ్చును. గ్యాసు మంట అడుగున తిరిగినచో తారుపూత, వైర్లు, పెట్రోలు గొట్టము అంటుకొను భయము మెండు.

అయితే మిగ్‌లో ఒక మోసము కలదు. పైకి చక్కని అతుకు లోపల అంటకయే నిలిచియుండవచ్చును. కనుక అదే మందముగల తునకను ముందుగా అతికింపజేసి, పట్టకారుతో వంచి చీల్చి చూడవలెను. అతుకు ఊడిరాక ప్రక్క రేకు చిరిగినచో ఆ పని నమ్మదగినది. తుప్పుమీద ఏ అతుకును నిలువదు. రేకు తెల్లగా మెరయువరకు కోయవలెను.

జాగ్రత్తలు కొన్ని చెప్పక తప్పదు. పెట్రోలు టాంకిని దించి దూరముగా ఉంచవలెను; ఖాళీ టాంకియైనను ఆవిరితో ప్రేలగలదు. మిగ్ పనికి ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. గాలి వీచుచోట మిగ్ పని తగదు, కాపు వాయువు ఎగిరిపోవును. అసిటిలీను సిలిండరును నిలువుగానే ఉంచవలెను. ఆక్సిజను బిగింపులకు నూనెచేయి తగులరాదు.

కనుక షెడ్డులో మన కారును అప్పగించునప్పుడు ఏ యంత్రమున్నదని కాక, మూడు మాటలు అడుగుదము: ఈ రేకు బరువు మోయునదా, కేవలము కనబడునదా? దీని వెనుకకు సుత్తి అందునా? ఈ పనిలో మీ చేయి దేనికి అలవాటుపడినది? సుత్తిని, మంటను కలిపి నడపగల పెద్ద పనివాడు మీ ఊరిలో ఉన్నచో, పిల్లలకు ఆ విద్య నేర్పుమని కూడ అడుగుడు. మిగ్ యంత్రమును అంగడిలో కొనవచ్చును. ఆ చేయి మాత్రము అంగడిలో దొరకదు.