కలియుగ భీముడు

విశాఖపట్నం సముద్రతీరపు బాటమీద సాయంకాలం షికారు వెళ్లేవారికి కనిపించే విగ్రహాలలో కోడి రామమూర్తి నాయుడుగారిది ఒకటి. చీనాదేశపు కుంగ్‌ఫూ వీరుల సినిమాలు చూచి వీధిలో వారి పట్టులు అభినయించే మన పిల్లలను ఈ విగ్రహం ఎవరిదని అడిగితే, తెల్లబోయేవారే ఎక్కువ. పరదేశపు వీరుడు పిల్లలకు ఎందుకు చేరువయినాడు, మన వీరుడు ఎందుకు దూరమయినాడు అన్నదే నేటి మా ప్రసంగ విషయము.

చీనా వీరులలో ప్రసిద్ధుడు వాంగ్ ఫే హుంగ్. దక్షిణ చీనాలోని ఫోషాన్ ప్రాంతీయుడు. సాము నేర్పే గురువు, విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు కూడ. కాంటన్ నగరంలో ఆయన నడిపిన వైద్యశాల 1924 నాటి అల్లర్లలో కాలిపోయినది. మరుసటి సంవత్సరమే ఆయన కాలధర్మం చెందినాడు. నిస్సందేహంగా ఆయనదే అనదగిన ఛాయాచిత్రమయినా మిగులలేదు.

అయినను ఆయన మరుగున పడలేదు. శిష్యులు విద్యను నిలిపినారు. 1930 దశకంలో రచయితలు ఆయన కథను పత్రికలకు ఎక్కించినారు. 1949లో హాంగ్‌కాంగ్‌లో మొదటి చిత్రం వచ్చినది. ఆ పాత్రను క్వాన్ తక్ హింగ్ అనే నటుడు డెబ్బదికి పైగా చిత్రాలలో ధరించినాడు. 1978లో జాకీ చాన్ ఆయనను అల్లరి కుర్రవానిగా, 1991లో జెట్ లీ దేశాభిమానిగా చూపినారు. మనిషి ఒక్కడే, ప్రతి తరమూ తనకు కావలసిన వీరుని ఆయనలో చూచుకొన్నది.

ఇక మన రామమూర్తిగారి సంగతి. వీరఘట్టంలో 1882 ప్రాంతమున జన్మించి, విజయనగరంలో పెరిగినారు. దండాలు, బస్కీలు, కుస్తీపట్లు అభ్యసించినారు. మద్రాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినారు. పిమ్మట సర్కసు స్థాపించి దేశమంతట తిరిగినారు. ఊపిరి బిగబట్టి, రొమ్ము పొంగించి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును తెంచడం, కదలబోయే మోటారుకారును పట్టి నిలపడం, రొమ్ముమీద బల్ల పరచి ఏనుగును నడిపించడం ఆయన ప్రదర్శనలలో పేరుపొందినవి. జనం ఆయనను కలియుగ భీముడన్నారు. శాకాహారి. 1942లో ఒడిషాలోని బలంగీర్‌లో కన్నుమూసినారు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణానికి ఆయన పేరే పెట్టినారు.

చెప్పేవారిని బట్టి ఈ కథ మారుతూ ఉంటుంది. ఒక ఊరిలో ఒక కారు ఆగుతుంది, మరొక ఊరిలో రెండు ఆగుతాయి. గొలుసు నోటినోటికీ లావెక్కుతుంది. ఇందులో తప్పేమియు లేదు. జనం తమ వీరుని ప్రేమించే తీరు అది. అయితే గొలుసు లావెక్కేకొలది దాని వెనుకనున్న ఉపాధ్యాయుడు సన్నగిల్లిపోయినాడు. పుట్టుబలమని మనం చెప్పుకొనేదంతయు ఏండ్లతరబడి నిత్యసాధనతో సంపాదించిన బలమే. ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర పల్లెలలో తాలింఖానాలు ఉండేవి. అక్కడ కర్రసాము పట్టిన కుర్రవానికి రామమూర్తి పేరు అద్భుతకథ కాదు. తానును అందుకొనదగిన గమ్యము.

చీనా వీరునికి శిష్యులు, రచయితలు, సినిమావారు ఒకరి చేతినుండి ఒకరు కథను అందుకొన్నారు. మన వీరునికి ఎక్కువగా తాతల నోళ్లే ఆధారమయినవి. ఆయన సర్కసును కన్నులార చూచినవారు దాదాపు గతించినారు. వారి ఒడిలో కూర్చుండి ఆ ముచ్చట విన్నవారు మాత్రం నేడు వృద్ధులై మన ఇండ్లలోనే ఉన్నారు. వారును వెడలిపోయినచో మనకు మిగిలేది ఒక విగ్రహమూ, ఒక సామెతవంటి పేరూ మాత్రమే.

కావున శ్రోతలకు మా మనవి ఒకటి. మీ ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి ఆ ముచ్చట చెప్పించండి. ఏ ఊరిలో జరిగినదో, ఎవరు చూచినారో, ఎవరు ఎవరికి చెప్పినారో తేదీతో వ్రాసి ఉంచండి. ఒక కారా, రెండు కారులా అని వారిని సరిదిద్దకండి. వారు చెప్పినది చెప్పినట్లే వ్రాయండి. ఏది నిజమో ఏది కల్పనో తరువాతివారు తేల్చుకొంటారు. వ్రాసినది ఉంటేనే కదా తేల్చుకొనేది!