జముకుల కథ - వంత పలికినవారు



జముకు అను వాద్యము మన శ్రీకాకుళ, విజయనగర మండలముల సొమ్ము. కుంచమువంటి పాత్రకు ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు నడుమనుండి తీగ సాగదీయుదురు. పాత్రను చంకలో ఇరికించుకొని, తీగను ఒకచేత బిగించుచు సడలించుచు రెండవచేత మీటినచో నాదము మూల్గినట్లు లేచి దిగును. ఇది చిన్న రేడియోలో సరిగా పలుకదు. అడుగుస్వరము అణగిపోయి పైచప్పుడు మాత్రమే మిగులును. కథ చెప్పువారు ఆడుచు తిరుగుచుందురు గనుక మైక్రోఫోను ముందర వారిని నిలుపుటయు మాకు సులభము కాదు.

దళమున సాధారణముగా ముగ్గురుందురు: కథకుడు, జముకువాడు, వంతవాడు. ఎల్లమ్మ కథ గానిండు, కామమ్మ కథ గానిండు, కథకుడు విడిచిన చరణమును వంతవాడు అందుకొనును. అర్థము కానట్లు ప్రశ్నించును. ఒక్కొక్కయెడ ఎగతాళియు చేయును. ఊరివారు అడుగదలచి జంకిన మాటను అతడు అడిగివేయును. కథకు సగము బలము ఇచటనే యున్నదని మా అభిప్రాయము.

ఈ బలమును బాగుగా గుర్తించినవారు సుబ్బారావు పాణిగ్రాహి. ఒరియా కుటుంబమున పుట్టి, పాతపట్నమునకు తూర్పున పలాస ప్రాంతమందలి బొడ్డపాడులో దేవాలయ పూజారిగా నుండి, తెలుగున పాటలు కట్టిరి. 1960 తరువాతి యేండ్లలో ఆయన దళము జముకుల కథను పట్టినది. వాద్యము మారలేదు, వరుస మారలేదు. అమ్మవారి మహిమ పోయి ఆ స్థానమున అప్పు, వెట్టి, భూమి వచ్చినవి. రైతుకూలీకి తెలియని రాగము ఒక్కటియు అందు లేదు. వంతవాని ప్రశ్న మాత్రము పదునెక్కినది. "ఈ అప్పు ఎప్పటికి తీరును?" అన్నట్టి ప్రశ్న పురాణకథలో హాస్యమై పోవచ్చును, షావుకారు ఇంటి యెదుట హాస్యముగా మిగులదు.

1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించిన పిమ్మట ఈ మండలమున పోరాటము సాయుధరూపము దాల్చినది. పాణిగ్రాహి అజ్ఞాతమునకు పోయిరి. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండలలో ఆయనయు, పంచాది నిర్మల మున్నగువారును పోలీసు కాల్పులలో మరణించిరి. అది ఎదురుకాల్పులని పోలీసులును, పట్టి కాల్చిరని ఆయన పక్షమువారును చెప్పుదురు. ఆయన త్రోవను ఒప్పనివారు నాడును గలరు, నేడును గలరు. ఆ వాదము మా ప్రసంగమునకు విషయము కాదు. పాట ఆగలేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో పార్వతీపురము చెంతనున్న పెదబొండపల్లి వాస్తవ్యులు వంగపండు ప్రసాదరావు ఈ ప్రాంతపు వరుసలనే ఊరూర వినిపించిరి. వారు 2020 ఆగస్టు 4న గతించిరి.

వంతపాట వారి గతి అన్నిచోట్ల ఒకటే కాబోలు. అమెరికాలో ఆఫ్రికన్ అమెరికనుల చర్చిలనుండి వచ్చిన "సోల్" గానమునకును పిలుపు, బదులే ప్రాణము. డిట్రాయిట్ నగరమునందలి "ఒరిజినల్స్" అను నలుగురు గాయకులు 1969లో తమ పాటతో పేరు పొందుటకు ముందు కొన్నేండ్లు ఇతరుల రికార్డులకు వంత పాడిరి. వారికి తుదకు తమ పేర ఒక రికార్డు దక్కినది. మన దళములలో కథకుని పేరు అచ్చునకెక్కును. ప్రక్కన నిలిచిన ఇద్దరును "దళము" అను మాటలో కలిసిపోవుదురు.

ఇప్పటికిని గ్రామదేవతల పండుగలలో జముకు వినవచ్చును. చేతి ఫోనులో కథను పట్టుకొనువారు ఊరిపేరు, తేదీతోపాటు మువ్వురి పేళ్లును అడిగి వ్రాసికొనుడు. ఫోనును కథకుని మోమునకు మరి దగ్గరగా నుంచక, జముకువాని వైపు ఒక అడుగు జరుపుడు. అప్పుడు అడుగుస్వరమును కొంత పట్టువడును.