పాట లేని గంటలు

ఇంగ్లాండులో చర్చి పక్క వీధిలో ఇల్లు తీసుకున్న మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వారానికోసారి సాయంత్రం పూట గంటన్నర సేపు ఆ గంటలు మోగిస్తూనే ఉంటారు. పాటా కాదు, రాగమూ కాదు. ఏమిటండీ ఆ గోల?" అని. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేద్దామా అన్నవాళ్ళూ ఉన్నారు. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో కొందరి అభ్యంతరం వేరు. గంట కొట్టడం బైబిల్లో లేదు, అది హిందువుల గుడి ఆచారం అంటారు. నాలుగేళ్ళుగా మా ఊరి చర్చి టవర్‌లో తాడు లాగుతున్నవాణ్ణి కాబట్టి ఇద్దరికీ నాకు తెలిసింది చెబుతాను.

రెండో మాట ముందు. కొత్త నిబంధనలో ఆరాధనకి గంట మోగించిన సంగతి లేదన్నది నిజమే. నిర్గమకాండం 28వ అధ్యాయంలో అహరోను అంగీ అంచున బంగారు గంటలు కనిపిస్తాయి కానీ, అవి జనాన్ని పిలిచేవి కావు. చర్చిలోకి గంట మఠాల దారిన వచ్చింది. గడియారాలు లేని కాలంలో సన్యాసులకి ప్రార్థన వేళ తెలియాలి కదా! సెయింట్ పాట్రిక్ పేరుతో చెప్పుకునే ఇనుప చేతిగంట ఇప్పటికీ డబ్లిన్ మ్యూజియంలో ఉంది.

మా గుంటూరు వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. మా ఊళ్ళో మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి బయలుదేరడం, మూడో గంటకి చాప మీద ఉండాలి. తేడా ఎక్కడంటే, హిందూ దేవాలయంలో ఎవరి గంట వాళ్ళే కొట్టుకుంటారు, వచ్చానని దేవుడికి చెప్పుకోవడానికి. చర్చిలో ఒకరు కొడతారు, ఊరంతటికీ వినపడటానికి. నాకైతే ఈ రెంటికీ పేచీ కనపడదు.

ఇక ఆ "గోల" సంగతి. ఇంగ్లాండు చర్చి గంటని ఒక పెద్ద చక్రానికి బిగిస్తారు. మోగించే ముందు దాన్ని ఊపి ఊపి, నోరు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా నిలబెడతారు. తాడు లాగిన ప్రతిసారీ గంట పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకొచ్చి నిలుస్తుంది. మా టవర్‌లో పెద్ద గంట బరువు 600 కిలోల పైమాటే. అంత బరువుని కాస్త ఆపగలం, కాస్త తొందరపెట్టగలం, అంతే. కావలసినప్పుడు కావలసిన స్వరం పలికించలేం. అందుకే పాట కుదరదు.

పాట కుదరకపోతే ఏం చేయాలి? 17వ శతాబ్దంలో ఇక్కడివాళ్ళు లెక్క పట్టుకున్నారు. ఆరు గంటలుంటే 1 2 3 4 5 6 అని ఒక వరస మోగించి, తర్వాతి వరసలో పక్కపక్క గంటల స్థానాలు మారుస్తారు. ఏ గంటా ఒక్క స్థానం కన్నా జరగదు, మోగిన వరస మళ్ళీ రాకూడదు, కాగితం చూడకూడదు. దీన్నే చేంజ్ రింగింగ్ అంటారు. ఆరు గంటలకి 720 వరసలు. ఏడింటికి 5,040, అంటే దాదాపు మూడు గంటల సేపు. ఎనిమిదింటికి 40,320. ఈ మొత్తం వరసల్ని 1963లో లాఫ్‌బరో గంటల ఫౌండ్రీలో ఎనిమిది మంది, మనిషి మారకుండా, దాదాపు 18 గంటల్లో పూర్తి చేశారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక ముక్క: కాలేజీలో మనం చదివిన జాన్సన్-ట్రాటర్ అల్గారిథం 1960లలో అచ్చయింది. అదే పద్ధతి 1668లో వచ్చిన 'టింటినలోజియా' అనే గంటల పుస్తకంలో ఉంది. అది చదివిన రోజు నాకు ఆఫీసు పని ముందుకు సాగలేదు.

ఈ గంటలు మూగబోయిన కాలమూ ఉంది. 1940 జూన్‌లో ప్రభుత్వం చర్చి గంటల్ని ఆపించింది, శత్రువు దేశంలో దిగితేనే మోగించాలని. 1942 నవంబరులో ఎల్ అలమీన్ విజయానికి ఒక ఆదివారం మోగించనిచ్చారు. 1943లో నిషేధం ఎత్తేశారు.

రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో కూతురి దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దాయన గుండెపోటుతో పోయారు. వాళ్ళు హిందువులు. మా ప్రాక్టీసు రోజున ఆయన చర్చి బయట బెంచీ మీద కూర్చుని, ఏ గంట తర్వాత ఏది వస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. వాళ్ళమ్మాయి నన్ను, "అన్నయ్యా, నాన్న కోసం ఒక్కసారి మోగిస్తారా? అసలు అలా అడగొచ్చా?" అంది. నేను వెళ్ళి మా పాదిరిగారిని అడిగాను. ఆవిడ, "ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు కదా" అన్నారు. అంతే.

చావుకి మోగించేటప్పుడు గంట నాలుకకి ఒక పక్క తోలు కడతారు. ఒక దెబ్బ ఖంగుమంటుంది, రెండోది దూరం నుంచి వచ్చినట్టు వినపడుతుంది. పాతకాలం పద్ధతిలో మగవాడికి మూడు మూళ్ళు, ఆ తర్వాత వయసుకి ఏడాదికొకటి చొప్పున కొడతారు. ఆయనకి 74. పెద్ద గంట తాడు నేనే పట్టుకున్నాను. కుటుంబమంతా ఆ బెంచీ దగ్గర నిలబడ్డారు.

ఇంగ్లాండులో ఇలాంటి టవర్లు 5 వేలకు పైగా ఉన్నాయి, మనుషులు చాలడం లేదు. 2018లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి నూరేళ్ళయినప్పుడు, 2023లో రాజు పట్టాభిషేకానికి, కొత్తవాళ్ళని రమ్మని ప్రత్యేకంగా పిలిచారు. మా జట్టులో దేవుణ్ణి నమ్మనివారు ఇద్దరున్నారు. ఎవరూ ఏమీ అనరు. పదేళ్ళు దాటిన పిల్లలు చాలాచోట్ల నేర్చుకోవచ్చు.

ఫిర్యాదు రాసే ముందు ఒక ప్రాక్టీసు సాయంత్రం టవర్ తలుపు తట్టండి. తాడు మీద చారల ఉన్ని కుచ్చు ఉంటుంది, దాన్ని సాలీ అంటారు. వదలాల్సిన క్షణంలో వదలకపోతే మనిషిని పైకి లేపేస్తుంది. అందుకని మొదటి కొన్ని వారాలు పక్కనే ఒకరు నిలబడి నేర్పుతారు. టీ కూడా ఇస్తారు.