సరుగుడు చెట్టు – చీడపీడలు



సరుగుడును చూచి దేవదారు జాతి చెట్టని భ్రమించువారు కలరు. దాని సూదులవంటివి ఆకులు కావు, సన్నని పచ్చని కొమ్మలు. నిజమైన ఆకులు వాని కణుపులయందు పొలుసులవలె నుండును. దేవదారు మంచుకొండల వృక్షము. సరుగుడో, సముద్రపు టిసుకను నమ్ముకొని బ్రదుకునది. దీనిని మన దేశమున 1868వ సంవత్సరమున కార్వారు తీరమున నాటిరి. నేడు మన తీరగ్రామములలో ఇంటి ముంగిట అందమునకును, గట్టున గాలికి అడ్డముగను, గుంజలకును, వంటచెరకునకును, కాగితపు మిల్లులకును ఇదియే ఆధారము. నాలుగేండ్లు పెంచిన తోట కోతకు వచ్చువేళ నిలువున ఎండినచో, ఆ కుటుంబమునకు పిల్ల పెండ్లియో, అప్పు తీర్పో ఆగిపోవును.

చెట్టును చంపువానిలో మొదటిది బెరడు బొబ్బల తెగులు. ఇది ఒక శిలీంధ్రము వలన, అనగా బూజు జాతి వలన కలుగును. ముందుగా కొనలు వాడి పసుపుబారును. నీరు చాలలేదని తలచి చాలమంది కడవలతో నీరు పోయుదురు. చూడవలసినది కొన కాదు, మ్రాను. బెరడు చీలి, బొబ్బలెక్కి, అవి పగిలినచోట దీపపు మసివంటి నల్లని పొడి కనబడును. ఆ పొడియే తెగులునకు విత్తనము. దానిని తాకిన చేతితో ప్రక్క చెట్టును ముట్టరాదు.

నల్లపొడి కనబడిన చెట్టుపై ఆశ వదలుకొనుటే మేలు. వేళ్ళతో పెకలించి అక్కడనే కాల్చవలెను. వేళ్ళు వేళ్ళు కలిసినచోట తెగులు ప్రాకును గనుక, చుట్టును రెండడుగుల లోతు కందకము త్రవ్వి మిగిలిన చెట్లను వేరుచేయవలెను. పొయ్యిలోనికి పనికివచ్చునుగదా యని బండికెత్తి ఊరిలోనికి తెచ్చువారు తెగులును ఊరేగించుచున్నవారే.

తెగులు ప్రవేశించునది గాయము ద్వారా. మొద్దుకత్తితో బెరడు చీలునట్లు కొమ్మలు నరకుట, పశువుల పలుపు ఒరిపిడి, బోర్డులకై కొట్టిన మేకులు, ఇవన్నియు తెరచిన తలుపులు. పచ్చికొమ్మను వానలో నరకనే కూడదు.

రెండవది బెరడు తొలుచు పురుగు. కొమ్మ చీలిన పంగలయొద్ద, నమిలిన పొట్టును రెట్టయు కలిసిన సాలెగూటివంటి పట్టీ మ్రానున కంటియుండును. దాని క్రింద బెజ్జములో పురుగు పగలు దాగి, రాత్రి వెలుపలికి వచ్చి బెరడు తినును. పట్టీ చీపురుతో తుడిచివేసి, బెజ్జములో సన్నని తీగ దూర్చి పురుగును గ్రుచ్చవలెను. పిదప కిరసనాయిలులో ముంచిన దూదిని దోపి, బంకమట్టితో మూయవలెను. ఏటికొక్క తరమే పుట్టును గనుక, ఒక్క ఏడు శ్రద్ధతో వెదకినచో మరుసటి ఏటికి బాధ చాలవరకు తగ్గును.

నారుమడిలో నీరు నిలువకుండిన చాలును. అచ్చటి మొలకల కుళ్ళు ఎక్కువగా నీటి పాపమే.

గాయములకు బోర్డో ముద్ద పూయవలెను. కిలో మైలుతుత్తము అయిదు లీటర్ల నీటను, కిలో పొడిసున్నము మరి అయిదు లీటర్లను వేరువేరుగ కలిపి, పిదప ఒకటి చేయవలెను. ఇనుప పాత్ర కూడదు. మట్టిదో ప్లాస్టికుదో చాలును. మెరుగుపెట్టిన కత్తిమొన అందు ముంచి తీయగా దానిపై రాగిరంగు ఏర్పడినచో సున్నము చాలలేదన్నమాట; మరికొంత చేర్చవలెను. కలిపిన నాడే వాడవలెను.