తెల్లటి పళ్లు – వంటింటి ప్రయోగాలు

ఇంట్లో పెళ్లి దగ్గర పడిందంటే చాలు, నిమ్మచెక్క మీద ఇంత వంటసోడా చల్లి పళ్లకు రుద్దేవాళ్లున్నారు. నాలుగు రోజులు పళ్లు మెరిసినట్టే ఉంటాయి. ఆ మెరుపుకు మూల్యం మాత్రం పెద్దదే.

పంటి పైపొర పేరు ఎనామిల్. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే అది కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. పులుపుకు మెత్తబడిన ఆ పొరను, కొందరు పళ్లకు రుద్దే ఉప్పు, బొగ్గుపొడి గీకేస్తాయి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. దాని కిందున్న డెంటిన్ రంగేమో పసుపు! తెలుపు కోసం రుద్దినకొద్దీ ఆ పసుపే బయటపడుతుంది. చల్లటి మజ్జిగ తాగినా పళ్లు జివ్వుమంటాయి.

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నేరుగా పూస్తే చిగుళ్లు పాలిపోయి మండుతాయి. బట్టల బ్లీచ్ జోలికి అసలే పోవద్దు. అది నోటినీ గొంతునూ కాల్చేస్తుంది.

నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటివల్ల వచ్చిన మరకలు ఎనామిల్‌లోనే ఉంటాయి. ఎంత తోమినా పోవు. గార పట్టిందా, దంతవైద్యుల దగ్గర క్లీనింగ్ చేయించుకోండి. మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోండి. పులుపు తిన్నాక నీళ్లు పుక్కిలించి, అరగంట ఆగాకే బ్రష్ పట్టండి.