ట్రాన్స్‌ఫార్మర్ పైన అయిదు, కింద నూట ముప్పై మూడు

పొలాల దగ్గరుండే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాస్త దూరంలోనే నిలబడి పరీక్షగా చూడండి. పైనుంచి దిగే మూడు తీగలు సన్నవి. మోటార్లవైపు వెళ్లే కేబుళ్లు బాగా లావు. అసలు సంగతంతా ఆ తేడాలోనే ఉంది.

పైనుంచి వచ్చేది 11,000 వోల్టులు, బయటికిచ్చేది 433. పూర్తి లోడు మీద 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పై తీగ ఒక్కోదాన్నుంచి సుమారు 5 ఆంపియర్లు తీసుకుని, కింద ఒక్కో ఫేజుకు 133 ఇస్తుంది. వోల్టేజి ఎన్ని రెట్లు తగ్గిందో కరెంటు అన్ని రెట్లు పెరిగింది. పవర్ మాత్రం దాదాపు అంతే. లోపలి తీగచుట్టలు, ఇనుప కోర్ వేడెక్కడంలో కొద్దిగా పోతుంది; ఆ వేడిని ఆయిల్ లాగేస్తుంది.

ఇనుప రేకుల కోర్ మీద ఒక్కో ఫేజుకు రెండు తీగచుట్టలుంటాయి, ఒకదానికొకటి తగలవు. మొదటి చుట్టలో ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు తిరుగుతుంటే, కోర్‌లో అయస్కాంత క్షేత్రమూ మారుతూ రెండో చుట్టలో వోల్టేజి పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే చూపించిన సూత్రమే ఇది. రెండో చుట్టలో చుట్లు తక్కువైతే వోల్టేజీ తక్కువే. మారని డీసీతో ఈ పని జరగదు.

ఊరిదాకా 11,000 వోల్టులు ఎందుకంటారా? అదే పవర్‌కు వోల్టేజి రెట్టింపై కరెంటు సగమైతే, తీగల్లో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం మరే ఉపాయంలోనూ లేదని నా అభిప్రాయం.

అయిదు హెచ్‌పీ మోటారు ఒక్కటి ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది లెక్కన 133 ఆంపియర్లు పదహారు, పదిహేడు మోటార్లకే సరి. ఇరవై అయిదు తగిలిస్తే చుట్టల మీది ఇన్సులేషన్ మాడిపోతుంది, సరిగ్గా నీళ్లు కావలసిన రోజునే.